చేతులు ఖాళీ... మరి బుర్ర?

"అన్నా, కారుకి మంచి బ్లూటూత్ ఏది? వెయ్యి లోపు చెప్పు." ఇంజినీరింగ్ అయిపోయి ఉద్యోగాల వేటలో ఉన్న కుర్రాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. నంద్యాల నుంచీ అడుగుతారు, మా ఆళ్లగడ్డ నుంచీ అడుగుతారు. ఎందుకని తిరిగి అడిగితే దాదాపు అందరిదీ ఒకే జవాబు: "హెచ్ఆర్ కాల్ ఎప్పుడొస్తుందో తెలీదన్నా. ఎత్తకపోతే ఛాన్స్ పోతుంది."

ఆ భయం ఊరికే పుట్టింది కాదు. పాతిక చోట్ల రెజ్యూమె పంపితే ఒక్క చోటు నుంచి ఫోన్ వస్తుంది. అది కూడా మీరు నాన్న కారులో అమ్మమ్మని శ్రీశైలం దర్శనానికి తీసుకెళ్తున్న రోజే వస్తుంది. అందుకే హ్యాండ్స్‌ఫ్రీ కొనుక్కోవాలనుకోవడం సబబే. నేనూ కొనొద్దని చెప్పను. కాకపోతే ఒక్క మాట. దాన్ని ఇంటర్వ్యూ మాట్లాడటానికి కొనకండి. "డ్రైవింగ్‌లో ఉన్నాను, బండి ఆపి చేస్తాను" అని చెప్పడానికి కొనండి. అవసరం అదీ అని తేల్చుకుంటే ఏ రకం కొనాలో, దేనికి డబ్బు దండగో కూడా తేలిగ్గా తేలిపోతుంది.

చట్టం ఎక్కడ ఆగుతుంది?

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 184 ప్రకారం ఫోన్ చేత్తో పట్టుకుని బండి నడపడం ప్రమాదకర డ్రైవింగ్. 2019 సవరణ తర్వాత మొదటిసారి దొరికితే రూ.1,000 నుంచి రూ.5,000 వరకు జరిమానా, ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. మూడేళ్లలోపు మళ్లీ దొరికితే శిక్ష రెండేళ్ల దాకా, జరిమానా రూ.10,000 దాకా వెళ్తుంది. 2020 అక్టోబరు నుంచి అమల్లోకి వచ్చిన నిబంధన దారి చూసుకోవడానికి మాత్రం ఫోన్ వాడుకోనిచ్చింది, అదీ డ్రైవర్ ఏకాగ్రత చెడకుండా.

చాలామంది దీన్ని చదివి "చేతిలో ఫోన్ లేకపోతే చాలు" అన్న అర్థం తీసుకుంటారు. చట్టం చూసేది చేతిని. ఘాట్ రోడ్డు మలుపు మాత్రం మీ బుర్ర ఎక్కడుందో చూస్తుంది.

ఆ 27 సెకన్లు

అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో డేవిడ్ స్ట్రేయర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఈ విషయం మీద ఏళ్ల తరబడి పరిశోధన చేశారు. 2001లో ఆయన బృందం ప్రచురించిన ప్రయోగంలో తేలిందేమిటంటే, ఫోన్‌లో మాట్లాడుతూ నడిపేవాళ్లకి సిగ్నళ్లు తప్పిపోవడం, స్పందన ఆలస్యం కావడం చేత్తో పట్టుకున్నా ఒకటే, హ్యాండ్స్‌ఫ్రీ అయినా ఒకటే. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఇదే చెబుతోంది. ఫోన్ వాడుతూ నడిపేవారికి ప్రమాదం జరిగే అవకాశం సుమారు 4 రెట్లు ఎక్కువ, హ్యాండ్స్‌ఫ్రీతో ఆ ముప్పు పెద్దగా తగ్గదు.

2015లో అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ ఫౌండేషన్ కోసం జరిగిన అధ్యయనం ఇంకో విషయం బయటపెట్టింది. మాటతో నడిచే ఫోన్, కారు వ్యవస్థల్లో కొన్నింటిని వాడాక, పని అయిపోయినా డ్రైవర్ ధ్యాస పూర్తిగా రోడ్డు మీదకి రావడానికి 27 సెకన్ల దాకా పట్టింది. లెక్క వేయండి. గంటకి 40 కిలోమీటర్ల వేగంలో 27 సెకన్లంటే 300 మీటర్లు. ఆళ్లగడ్డ నుంచి నంద్యాల వెళ్లే నాలుగు వరుసల రహదారి మీద 80లో పోతుంటే 600 మీటర్లు. డోర్నాల దాటాక ఘాట్‌లో 300 మీటర్లంటే ఎన్ని మలుపులో ఆ దారిన వెళ్లినవాళ్లకి తెలుసు.

"పక్క సీట్లో ఫ్రెండ్‌తో మాట్లాడితే పర్లేదు, ఫోన్‌లో మాట్లాడితే తప్పా?" అని అడగొచ్చు. తేడా ఉంది. పక్కనున్నవాడికి రోడ్డు కనిపిస్తుంది. ఎదురుగా లారీ వస్తే వాడే నోరు మూస్తాడు, "ఒరేయ్ చూసుకో" అంటాడు. హైదరాబాద్ ఆఫీసులో ఏసీ గదిలో కూర్చున్న హెచ్ఆర్‌కి మీ ముందున్న లారీ కనిపించదు. "మీ బలహీనత ఏంటో చెప్పండి" అన్న ప్రశ్న సరిగ్గా మలుపులోనే పడుతుంది. మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. ఆ లెక్కలోకి చేరడానికి ఏ కంపెనీ ఆఫర్ లెటరూ సాటిరాదు.

డబ్బా లోపల ఏముంది?

ఈసీఈ, సీఎస్‌ఈ వాళ్లు ఈ భాగం కాస్త శ్రద్ధగా చదవండి, ఇంటర్వ్యూలోనూ పనికొస్తుంది. బ్లూటూత్‌లో ఒక్కో పనికి ఒక్కో ప్రొఫైల్ ఉంటుంది. పాటలకి ఏ2డీపీ. కాల్స్‌కి హెచ్‌ఎఫ్‌పీ, అంటే హ్యాండ్స్‌ఫ్రీ ప్రొఫైల్. పాట వింటుంటే కాల్ వచ్చిందనుకోండి, పరికరం మొదటిదాన్ని పక్కనపెట్టి రెండోదానికి మారుతుంది. అందుకే పాటలు బ్రహ్మాండంగా వినిపించే డబ్బాలో కాల్స్ గొంతు రేకు డబ్బాలోంచి వచ్చినట్టు ఉండొచ్చు. పాట పెట్టి చూసి కొనేవాళ్లు మోసపోయేది ఇక్కడే.

పాత పద్ధతి కోడెక్ సీవీఎస్‌డీ గొంతుని సెకనుకి 8,000 సార్లు శాంపిల్ చేస్తుంది. తర్వాత వచ్చిన ఎంఎస్‌బీసీ 16,000 సార్లు. మీ సిమ్ నెట్‌వర్క్ హెచ్‌డీ వాయిస్ ఇస్తున్నా, పరికరంలో పాత కోడెక్ ఒక్కటే ఉంటే ఆ స్పష్టత అక్కడే ఆగిపోతుంది. కాబట్టి డబ్బా మీద "హెచ్‌డీ వాయిస్" అనో "వైడ్‌బ్యాండ్" అనో ఉందా చూడండి.

"బ్లూటూత్ 5.3, 5.4" అని పెద్ద అక్షరాలతో రాసినదాన్ని చూసి మాత్రం పడిపోకండి. మన పనికి ఆ అంకెతో పెద్ద తేడా రాదు. ఫోన్‌కీ పరికరానికీ మధ్య దూరం కారులో రెండు మీటర్లు కూడా ఉండదు. కాల్ బాగుండాలంటే ముఖ్యం మైకు, అది మీ నోటికి ఎంత దూరంలో ఉంది, ఎదుటివాళ్ల గొంతు మళ్లీ వాళ్లకే ప్రతిధ్వనించకుండా చూసే ఏర్పాటు. ఈ మూడే.

ఐదు రకాలు, నా తీర్పు

మొదటిది, లైటర్ సాకెట్‌లో పెట్టే ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్. అన్నిటికన్నా చవక, పాత కారు స్టీరియోతో కూడా పనిచేస్తుంది. ఇది 87.5 నుంచి 108 మెగాహెర్ట్జ్ మధ్య ఖాళీగా ఉన్న చోట చిన్న ఎఫ్ఎం స్టేషన్‌లా పనిచేస్తుంది. నల్లమలలో ఖాళీ జాగా దొరకడం కష్టం కాదు. అదే బండి హైదరాబాద్ చేరాక 91.1, 93.5, 98.3 అంటూ స్టేషన్లు క్రిక్కిరిసి ఉంటాయి. గరగర మొదలవుతుంది, నడుపుతూనే నంబర్ మార్చాలనిపిస్తుంది. పైగా మైకు గేర్ దగ్గర, ఇంజిన్ రొదకి దగ్గరగా, నోటికి దూరంగా ఉంటుంది. పాటలకి సరే, కాల్స్‌కి నేను సిఫార్సు చేయను.

రెండోది, ఆక్స్ రిసీవర్. స్టీరియోకి ఆక్స్ రంధ్రం ఉంటే ఇది ట్రాన్స్‌మిటర్ కన్నా మేలు, గరగర ఉండదు. మైకు విడిగా వైరుతో వచ్చి, పైకి అతికించుకునే వీలుంటే ఇంకా మంచిది.

మూడోది, సన్ వైజర్‌కి క్లిప్‌తో తగిలించే స్పీకర్‌ఫోన్. తలకి ఎదురుగా, నోటికి దగ్గరగా ఉంటుంది. స్టీరియో లేని బండిలో కూడా నడుస్తుంది. కాల్ ఎత్తడానికి ఒకే పెద్ద బటన్. ఒక్క మాట చెప్పి పెట్టేయడమే మన అవసరం అయితే నా ఓటు దీనికే. ఒక జాగ్రత్త ఏమిటంటే, దీంట్లో లిథియం బ్యాటరీ ఉంటుంది. మే నెలలో నంద్యాల ఎండ 45 డిగ్రీలు అంటుకోవడం మనకి కొత్తేం కాదు. అద్దాలు మూసి ఎండలో నిలిపిన బండిలో వేడి అంతకన్నా చాలా ఎక్కువ. బండి దిగేటప్పుడు దీన్ని తీసి జేబులో వేసుకోండి.

నాలుగోది, చెవిలో పెట్టుకునే ఇయర్‌బడ్స్. ఇప్పటికే మీ దగ్గర ఉంటాయి కాబట్టి "ఇవి చాలవా?" అనిపిస్తుంది. కారు నడిపేటప్పుడు వద్దు. ఘాట్‌లో మలుపు అవతల ఉన్న బస్సు మీకు ముందు కనిపించదు, వినిపిస్తుంది. హారనే అక్కడ కన్ను. బయటి శబ్దాన్ని తుడిచేసే నాయిస్ క్యాన్సిలేషన్ పెట్టుకుని ఘాట్ ఎక్కడమంటే ఆ కన్నుకి మీరే గంత కట్టుకోవడం.

ఐదోది, కారుతో పాటు వచ్చే స్టీరియో. మీ బండిలో బ్లూటూత్ ఉన్న స్టీరియో, స్టీరింగ్ మీద బటన్లు ఉంటే వేరే ఏదీ కొనకండి. ఆ డబ్బులతో టైర్లలో గాలి, బ్రేకులు చూపించుకోండి.

కొట్లో చేయాల్సిన పరీక్ష

బాక్సు మీది మాటలు కాదు, కాల్ చేసి చూడాలి. ఫ్రెండ్‌కి ఫోన్ చేసి ఈ నాలుగూ అడగండి.

1. బండి స్టార్ట్ చేసి, అద్దాలు దించి మాట్లాడండి. పాత బండ్లు ఘాట్ ఎక్కేటప్పుడు చాలామంది ఏసీ కట్టేసి అద్దాలు దించుతారు కదా. ఆ గాలి హోరులో మీ మాట అవతలికి వినిపిస్తోందా?

2. ఇద్దరూ ఒకేసారి మాట్లాడండి. ఒకరి గొంతు తెగిపోతోందా? ఫ్రెండ్‌కి తన మాటే తిరిగి వినిపిస్తోందా?

3. కళ్లు మూసుకుని కాల్ ఎత్తే బటన్ ఎక్కడుందో తడిమి పట్టుకోండి. దొరకలేదంటే ఆ పరికరం మీకు పనికిరాదు. నడిపేటప్పుడు దాని వైపు చూసే తీరిక ఉండదు.

4. "ఆటో ఆన్సర్" ఉంటే అది ఆపే వీలుందా? ఇది అన్నిటికన్నా ముఖ్యం. తనంతట తానే కాల్ ఎత్తే సదుపాయాన్ని కంపెనీలు గొప్పగా చెప్పుకుంటాయి. మలుపు తిప్పుతుండగా అడక్కుండానే ఒక గొంతు బండిలోకి వచ్చి పడటం నాకు సదుపాయంలా అనిపించదు. కొన్న రోజే దాన్ని ఆపేయండి.

బ్లూటూత్ స్పీకర్లు, వైర్‌లెస్ ఇయర్‌ఫోన్లలాంటివాటికి బీఐఎస్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఆ గుర్తు లేనిదాన్ని చవక అని కొనకండి.

శ్రీశైలం దారి నేర్పేది

నంద్యాల, ఆళ్లగడ్డ, శ్రీశైలం మూడూ ఒకే జిల్లాలో ఉన్నాయి. అయినా కారులో నంద్యాల నుంచి శ్రీశైలం వెళ్లాలంటే ఆత్మకూరు మీదుగా అడవి దాటి, జిల్లా బయటికి పోయి, డోర్నాల దగ్గర మళ్లుకుని ఘాట్ ఎక్కాలి. ఇదంతా నాగార్జునసాగర్ - శ్రీశైలం పులుల అభయారణ్యం, దేశంలోనే అతి పెద్దది. రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు అటవీశాఖ గేట్లు మూసేస్తుంది. అడవి లోపల బండి ఎక్కడబడితే అక్కడ ఆపకూడదు. సిగ్నల్ ఒక మలుపులో ఉంటే ఇంకో మలుపులో ఉండదు.

ఈ మూడూ కలిపి చూడండి. గేటు వేసేస్తారన్న తొందరలో బండి వేగంగా పోతుంది. కాల్ వస్తే పక్కకి ఆపే వీలుండదు. ఎత్తినా రెండు మాటలకే తెగిపోతుంది. తెగిపోయిన కాల్ అసలు రాని కాల్ కన్నా ప్రమాదం. "హలో... హలో..." అంటూ చెయ్యి ఫోన్ మీదకి, కన్ను స్క్రీన్ మీదకి వెళ్తాయి. ఎంత ఖరీదైన హ్యాండ్స్‌ఫ్రీ అయినా లేని టవర్‌ని తెచ్చిపెట్టలేదు కదా.

అందుకే ఆ దారికి నా పద్ధతి ఇదీ. ఆత్మకూరులోనో డోర్నాలలోనో టీకి ఆగినప్పుడే ఫోన్ పని ముగించండి. చేయాల్సిన కాల్స్ అక్కడే చేయండి. మ్యాప్ డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. ఫోన్‌లో డ్రైవింగ్ మోడ్ పెట్టండి. ఐఫోన్‌లో డ్రైవింగ్ ఫోకస్ మెసేజ్ పెట్టినవాళ్లకి తనే జవాబిస్తుంది. ఆండ్రాయిడ్‌లో కనీసం డోంట్ డిస్టర్బ్ ఉంటుంది. శిఖరం దాటి శ్రీశైలం చేరాక బండి ఆపి చూసుకోండి. ఘాట్‌లో హ్యాండ్స్‌ఫ్రీ ఉండాల్సిన స్థితి: ఆఫ్.

హెచ్ఆర్‌తో ఏం చెప్పాలి?

మైదానం రోడ్డు మీద, సిగ్నల్ బాగున్న చోట కాల్ వచ్చింది. ఒక్క బటన్ నొక్కి ఎత్తారు. చెప్పాల్సింది ఇంతే: "సర్, ఐ యామ్ డ్రైవింగ్. కెన్ ఐ కాల్ యూ బ్యాక్ ఇన్ ట్వంటీ మినిట్స్?" తెలుగువాళ్లయితే తెలుగులోనే చెప్పండి. దీన్ని ఇంట్లో పదిసార్లు పైకి అని చూసుకోండి, నోటికి రావాలి.

ఇంకో చిట్కా. రిక్రూటర్లు చాలాసార్లు ఆఫీసు బోర్డు లైన్ నుంచి చేస్తారు. ఆ నంబర్‌కి తిరిగి చేస్తే ఎవరూ ఎత్తరు. కాబట్టి వెంటనే "మీ డైరెక్ట్ నంబర్ నాకు మెసేజ్ చేస్తారా?" అని అడగండి. అడిగాక పెట్టేయండి. బండి ఆపిన వెంటనే, చెప్పిన టైమ్‌కి ఐదు నిమిషాల ముందే కాల్ చేయండి. ఆపాక కూడా వెంటనే కాదు, మంచినీళ్లు తాగి, పెన్నూ కాగితం తీసుకుని, రెజ్యూమె ఎదురుగా పెట్టుకుని చేయండి. స్టీరింగ్ పట్టుకుని ఇచ్చే జవాబుకీ, ఇలా ఇచ్చే జవాబుకీ తేడా మీ గొంతులోనే తెలిసిపోతుంది. ఉద్యోగం కోణంలో చూసినా ఆపి మాట్లాడటమే లాభం.

"అలా చెప్తే వాళ్లు ఇంకొకరిని పిలుచుకుంటారేమో అన్నా" అంటారు. ఉండొచ్చు, అలాంటివాళ్లూ ఉంటారు. కానీ ఒక్కసారి ఇలా ఆలోచించండి. 20 నిమిషాలు ఆగలేని చోట, మీరు ప్రాణం మీదకి తెచ్చుకుని మాట్లాడాలని చూసే చోట, చేరాక రోజులు ఎలా ఉంటాయి? మెడికల్ రెప్‌గానో, బ్యాంకు ఫీల్డ్ ఆఫీసర్‌గానో, సేల్స్‌లోనో చేరబోయేవాళ్లకి ఇది ఇంకా ముఖ్యం. అక్కడ మేనేజర్ రోజుకి పదిసార్లు ఫోన్ చేస్తాడు, మీరు రోజంతా రోడ్డు మీదే ఉంటారు. "నడిపేటప్పుడు ఎత్తను, ఆగగానే చేస్తాను" అన్న అలవాటు మొదటి వారంలోనే చెప్పేస్తే అది మీ పద్ధతి అవుతుంది. ఆరు నెలల తర్వాత చెప్తే సాకు అనుకుంటారు.

కారులోనే మీటింగులు పెట్టే పెద్ద సార్లని చూసి మీరు కూడా అలా చేయాలనుకోకండి. వాళ్లలో చాలామంది వెనక సీట్లో ఉంటారు. ముందు సీట్లో స్టీరింగ్ పట్టుకున్నది మీరు.

ఇంట్లోవాళ్లకి కూడా ఒక మాట చెప్పి పెట్టండి. "ఎక్కడున్నావ్ నాయనా?" అని అరగంటకోసారి ఫోన్ చేసే అమ్మే మనకి అందరికన్నా ఎక్కువ కాల్స్ చేసేది. బయల్దేరే ముందు "డోర్నాలలో ఒకసారి, శ్రీశైలం చేరాక ఒకసారి నేనే చేస్తానమ్మా" అనండి. పక్కన ఎవరైనా కూర్చుంటే మీ ఫోన్ వాళ్ల చేతికివ్వండి. కాల్ ఎత్తి "వాడు నడుపుతున్నాడు" అని చెప్పే మనిషిని మించిన హ్యాండ్స్‌ఫ్రీ ఇంతవరకు ఎవరూ కనిపెట్టలేదు.

కాబట్టి కొనాల్సిందేంటో ఒక్క ముక్కలో చెప్తాను. స్టీరియోలో బ్లూటూత్ ఉంటే ఏమీ వద్దు. లేకపోతే వైజర్‌కి తగిలించే స్పీకర్‌ఫోన్, ఒకే పెద్ద బటన్, హెచ్‌డీ వాయిస్, ఆటో ఆన్సర్ ఆఫ్. ఆక్స్ ఉంటే విడి మైకు ఉన్న రిసీవర్ కూడా సరే. వెయ్యి రూపాయలకి అటూఇటూగా పని అయిపోతుంది. మిగిలిన "బండి ఆపి చేస్తాను" అన్న మాటకి పైసా ఖర్చు లేదు, దాన్ని ఈ రోజు నుంచే వాడటం మొదలుపెట్టండి.